లైనక్స్‌కి ఏ థింక్‌ప్యాడ్: ఆరో తరం ఎక్స్1 కార్బనా, టీ480నా?

రెండూ 2018 నాటి లెనోవో ల్యాప్‌టాప్‌లే. రెండింట్లోనూ ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లు దొరుకుతాయి. విండోస్ బదులు వాడే లైనక్స్‌లో రకాలైన ఉబుంటు వేసినా ఫెడోరా వేసినా వైఫై కోసం, టచ్‌ప్యాడ్ కోసం తంటాలు పడక్కర్లేదు.

బరువులో కార్బన్‌దే పైచేయి. 1.13 కిలోలే, రోజంతా భుజాన వేసుకు తిరిగినా భారం అనిపించదు. టీ480 దాదాపు 1.6 కిలోలు.

కానీ కార్బన్‌లో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. 8 జీబీది కొంటే చివరిదాకా 8 జీబీయే. ఇంకో సంగతి, మొదట్లో దీనికి లైనక్స్‌లో స్లీప్ (వాడనప్పుడు తక్కువ కరెంటుతో నిద్రపోవడం) సరిగ్గా కుదిరేది కాదు. బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, అందులో స్లీప్ స్టేట్‌ని ‘లైనక్స్’కి మార్చాలి. కొనగానే ఇది చూసుకోండి, లేకపోతే మూత వేసి బ్యాగులో పెట్టినా చార్జింగ్ కరిగిపోతూనే ఉంటుంది.

నా ఓటు మాత్రం టీ480కే. అడుగున ఉన్న గొళ్లాలు జరిపితే వెనక బ్యాటరీ చేతిలోకి వచ్చేస్తుంది. లోపల ఇంకో బ్యాటరీ ఉంటుంది కాబట్టి, పని ఆపకుండానే కొత్తది తగిలించుకోవచ్చు. స్క్రూలు వదులు చేసి అడుగు మూత తీస్తే రెండు ర్యామ్ స్లాట్లు కనిపిస్తాయి. బ్యాటరీ అయినా ర్యామ్ అయినా పాతబడితే మనమే మార్చుకోవచ్చు. ఏళ్ల తరబడి వాడాలనుకునేవాళ్లకి మన్నిక అంటే ఇదే కదా!

రోజూ బస్సుల్లో, రైళ్లలో తిరిగేవాళ్లయితే కార్బనే తీసుకోండి, కానీ 16 జీబీది దొరికేదాకా ఆగండి.