ఎర్తింగా, ఆర్‌సీసీబీనా: ముందు ఏది?

ఆంప్లిఫయర్ వెనక కేబుల్ పెడుతుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? శ్రీకాకుళం పాత ఇళ్లలో కొన్నిచోట్ల మూడు పిన్నుల సాకెట్ ఉన్నా, పై కన్నం వెనక ఎర్త్ వైరే ఉండదు. అప్పుడు ఆంప్లిఫయర్ లోపల కరెంటులోని రొదను వడగట్టే ఫిల్టర్ కెపాసిటర్ల గుండా 230 వోల్టుల్లో దాదాపు సగం దాని లోహపు బాడీ మీదికి వస్తుంది. కరెంటు స్వల్పం కాబట్టి చిమచిమతో సరిపోతుంది. అదే లోపల ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలితే ప్రాణాలకే ముప్పు.

చిమచిమ పోగొట్టేది ఎర్తింగే, అంటే బాడీని వైరుతో నేలకు కలపడం. కానీ కళింగపట్నం వైపు ఇసుక నేల వేసవిలో తడారిపోతుంది, ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండాలి. ఎర్త్ నిరోధం 20 ఓమ్‌లుంటే, ఫేజ్ బాడీకి తగిలిన ఫాల్ట్‌లో పారేది 11.5 ఆంపియర్లే. కరెంటు పరిమితి దాటితే ఆపే 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, బాడీలో కరెంటు అలాగే ఉంటుంది!

ఆర్‌సీసీబీ అంటే కరెంటు బయటికి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీకి ఆ పాటి ఎర్త్ చాలు, ఫాల్ట్ రాగానే పడిపోతుంది. ఎర్త్ అసలు లేకపోతే మాత్రం మనిషికి షాక్ తగిలాకే ట్రిప్పవుతుంది.

డబ్బు ఒకదానికే ఉంటే ముందు ఆర్‌సీసీబీ పెట్టించండి. తర్వాత ఆలస్యం చెయ్యకుండా ఎర్తింగ్ వేయించండి. స్పీకర్లలో హమ్మింగ్ వస్తోందని ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి.