ఆస్తమా పిల్లోనికి స్పేసర్: నాలుగేండ్లు వాడినంక రాస్తున్న

మాది మిర్యాలగూడ, ఇంటి చుట్టు రైస్ మిల్లులే. మా బాబుకు ఇప్పుడు ఏడేండ్లు, మూడేండ్లప్పటి సంది స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, మందు దాంట్లకొస్తే పిల్లోడు మెల్లగ పీల్చుకుంటడు) పెట్టి ఇన్‌హేలర్ ఇస్తున్నం.

ముందు సర్ది అనుకున్నం. కానీ వీడు రాత్రి రెండు మూడు గంటలకు లేచి దగ్గుడు, ఉరికినా గట్టిగ నవ్వినా దగ్గుడు, ఛాతికి చెవి పెడితే పిల్లికూతలు, కోతలప్పుడు వడ్ల దుమ్ము లేస్తే ఇంకా ఎక్కువ. సిరప్‌లు మస్తు తాగించినం. ఒకరోజు దమ్ముకు డొక్కలు లోపలికి గుంజుకపోతుంటె భయపడి పిల్లల డాక్టర్ దగ్గరికి ఉరికినం, అప్పుడు తెలిసింది ఆస్తమా అని.

ఇన్‌హేలర్ అనంగనే మా అత్తమ్మ ఏడ్చింది, పవర్ మందు, అలవాటైతది అని. డాక్టర్ సార్ ఒక్క లెక్క చెప్పిండు: దమ్ము తగ్గించే సాల్బుటమాల్ మందు సిరప్ 5 ఎంఎల్‌ల 2 మిల్లీగ్రాములు, ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌ల, అంటే ఒక్కసారి నొక్కితె, 100 మైక్రోగ్రాములే, అంటే 20 వంతుల్ల ఒక వంతు, అది కూడ సీదా ఊపిరితిత్తులకే పోతది. ఇప్పుడు అత్తమ్మనే పట్టుకొని ఇస్తది.

స్పేసర్ కడిగినంక బట్టతోని తుడవొద్దు, నేను మొదట్ల తుడిచేదాన్ని, అట్ల చేస్తే ప్లాస్టిక్‌కు చార్జ్ పుట్టి మందు లోపలి గోడలకే అంటుకుంటదట. గోరువెచ్చటి నీళ్ళల్ల గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలేసి ముంచి తీసి ఊకెనే ఆరబెడ్త. ఒక్కసారి ఒక్క పఫే, ఐదారు శ్వాసలు తీసుకోవాలె, మళ్ళ ఊపి రెండోది. మాస్క్ మొఖానికి గట్టిగ ఆనాలె, ఏడుస్తుంటె మందు సరిగ పోదు. ఐదేండ్లకు మాస్క్ తీసి నోట్లె పెట్టుకునుడు నేర్పిన. స్పేసర్‌ల వాల్వ్‌లు లూజ్ అయితయి, మాకిది మూడో స్పేసర్.

నా పెద్ద తప్పు ఏందంటె దగ్గు తగ్గంగనే రోజూ ఇచ్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ నా అంతట నేనే బంద్ చేసిన, రెండుసార్లు. రెండుసార్లు కూడ నెల తిరగకముందే దవాఖాన్ల నెబులైజర్ పెట్టిచ్చినం. నీలం రంగుది, అంటే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, ఊపిరి గొట్టాలను అప్పటికప్పుడు తెరుస్తది, నాలుగైదు గంటలే, లోపల వాపు తగ్గించేది మాత్రం రోజుదే, అది డాక్టర్ చెప్పకుంట ఆపొద్దు. అది ఇచ్చినంక నోరు పుక్కిలించాలె, లేకుంటె నోట్లె తెల్లగ పూస్తది.

ఇంకోటి, మా ఇన్‌హేలర్‌ల ఎన్ని పఫ్‌లు మిగిలినయో చూపే కౌంటర్ లేదు, 200 పఫ్‌లు అయినంక మందు లేకున్నా గ్యాస్ కొడుతనే ఉంటది. ఒక రాత్రి నీలందాన్ని ఎంత కొట్టినా దమ్ము తగ్గకపాయె, పెదవులు నల్లబడుతుంటె 108కు ఫోన్ చేసినం. అప్పటిసంది రోజుదాని డబ్బ మీద తారీఖు రాస్త, రోజుకు రెండు పఫ్‌లంటె నూరు రోజులు, నీలందానికి క్యాలెండర్ల గీతలు పెడ్త. స్కూల్ బ్యాగ్‌ల వేరే సెట్ పెట్టి వాళ్ళ టీచరమ్మకు ఎట్లియ్యాల్నో చూపిచ్చిన.