హైబ్రిడ్ సోలార్, లిథియం బ్యాటరీ: ఏళ్ల తరబడి వాడాక

మా ఇంటి మీద 5 కిలోవాట్ల ప్యానెళ్లు, కింద హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్లు, బ్యాటరీ, లైన్ కరెంటు మూడింటినీ కలిపి నడిపేది), 10 యూనిట్లు పట్టే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నాయి. కొనమనే చెప్తాను. కాకపోతే కరెంటు పోయినప్పుడు ఇల్లు నడిచేది ప్యానెళ్ల సంఖ్య వల్ల కాదు, బ్యాటరీలో ఎంత రిజర్వ్ (కోతల కోసం వాడకుండా దాచే కరెంటు) ఉంచామన్నదాని వల్ల.

బ్యాటరీ లేకుండా లైన్ కరెంటుకు కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ మిట్టమధ్యాహ్నం కూడా లైన్ కరెంటు పోగానే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు మన కరెంటు తగలకూడదని అలా తయారు చేస్తారు, అది సబబే. బిల్లు తగ్గడంతో పాటు కోతల టెన్షన్ కూడా పోవాలంటే హైబ్రిడ్ తప్పదు. మాది ఎంత త్వరగా బ్యాటరీకి మారుతుందంటే కంప్యూటర్ కూడా ఆగదు.

రిజర్వ్ 20 శాతానికి దించితే రాత్రి చాలాసేపు ఎండ కరెంటుతోనే గడుస్తుంది. కానీ తెల్లవారుజామున కరెంటు పోతే మిగిలేది 2 యూనిట్లే. 80కి పెంచితే బెంగ ఉండదు గానీ, బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండి మధ్యాహ్నపు కరెంటుకు చోటు చాలదు, రాత్రి మళ్లీ లైన్ మీద పడతాం. అందుకే బాగా ఎండ కాసే రోజుల్లో 30, ముసురు పట్టినా తుఫాను హెచ్చరిక వచ్చినా 80 పెడుతున్నాం. పెద్ద గ్రిడ్లలోనూ ఇదే లెక్క. దక్షిణ ఆస్ట్రేలియాలో 2017లో మొదలైన హార్న్స్‌డేల్ బ్యాటరీ సామర్థ్యం మొదట్లో 100 మెగావాట్లు. అందులో 70 మెగావాట్లను గ్రిడ్ భద్రత కోసం పక్కన పెట్టి, మిగతాదాన్నే కరెంటు అమ్మకానికి వాడారు.

లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, రూటర్ బ్యాకప్ లైన్ (కోతలో బ్యాటరీతో నడిచేది) మీద ఉంచి ఏసీ, గీజర్, మోటార్ బయట పెట్టించాం. మోటార్ స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. ఈ విభజన మొదటి వైరింగ్‌లోనే చేయించండి.

లోపాలూ ఉన్నాయి. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ప్యానెల్ అంతకన్నా వేడెక్కితే డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. వేసవిలో ఆ తేడా బాగా కనిపిస్తుంది. ఇన్వర్టర్ రాత్రంతా తన కోసం కొంత కరెంటు తింటుంది, అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు. నాకు నిజంగా కోపం తెప్పించేది మాత్రం యాప్. నెట్ లేకపోతే రిజర్వ్ మార్చలేం, తుఫాను రోజున సరిగ్గా అప్పుడే నెట్ పోతుంది. సెట్టింగులు ఇన్వర్టర్ మీది బటన్లతోనే మార్చుకోగలిగే మోడల్ తీసుకోండి.