మెడ బిళ్ళకు సూది పరీక్ష: మా జిల్లా ఆసుపత్రి టీబీ విభాగం ఎలా ఉందంటే

నేను టైలర్ని. మా అమ్మాయి కాలేజీ యూనిఫాంకి కొలతలు తీస్తుంటే మెడ పక్కన, చెవికి నాలుగు వేళ్ళ కింద రేగిపండంత బిళ్ళ చేతికి తగిలింది. నొప్పి లేదు, దగ్గు లేదు. సాయంత్రాలు ఒళ్ళు కాస్త వెచ్చబడేది. మా అత్తయ్య చూసి గండమాల అంది, పసరు కట్టమంది. నేను ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్ళాను. యాంటీబయాటిక్‌లు రెండు కోర్సులు వాడాక, తగ్గకపోగా పక్కన ఇంకో బిళ్ళ లేచింది. అప్పుడు చిన్న ఆపరేషన్ చేసి ముక్క తీశారు. రిపోర్టులో ‘టీబీ కావచ్చు’ అని వచ్చింది. మందులకు లొంగే రకమో కాదో తేల్చడానికి మాత్రం ఆ ముక్క పనికిరాదన్నారు. మొత్తం ఫార్మలిన్‌లో, అంటే ముక్క కుళ్ళకుండా ఉంచే రసాయనంలో వేసేశారట. పిల్ల మెడ మీద కోత మిగిలింది, జవాబు దొరకలేదు. ఆ రోజు బస్సులో ఏడ్చాను.

జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు మెడ రెండు వైపులా, చంకల్లో తడిమి చూశారు. ఎక్స్‌రే బాగానే ఉంది. “ఊపిరితిత్తుల్లో లేకపోయినా మెడలో ఉండొచ్చమ్మా” అని రెండో బిళ్ళకు సూది పరీక్ష రాశారు. మామూలు ఇంజెక్షన్ సూదే, మత్తు అక్కర్లేదు. చిక్కటి పసుపు చీములాంటిది వచ్చింది. కొంచెం గాజు పలకల మీద పూసి, మిగతాది సెలైన్ ఉన్న చిన్న డబ్బాలో వేసి సీబీనాట్‌కి పంపారు. ఆ యంత్రం క్రిమి డీఎన్ఏని వెతుకుతుందట, పని రెండు గంటల్లో అయిపోతుందట. మర్నాడే రిపోర్టిచ్చారు: టీబీ ఉంది, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగుతుంది. పైసా ఖర్చు కాలేదు.

పరీక్షకు, వైద్యానికి ఐదుకి ఐదు ఇస్తాను. మర్యాదకు రెండే. వరండాలో అందరి ముందూ “టీబీ పేషెంట్ ఎవరు?” అని కేకేశారు. పద్దెనిమిదేళ్ళ పిల్ల తల దించుకుని లేచింది. పేరు పెట్టి పిలిస్తే ఏం పోయింది? ఊపిరితిత్తుల్లో లేని మెడ బిళ్ళల టీబీ పక్కవాళ్ళకు అంటదని డాక్టరమ్మే చెప్పారు, అయినా బెంచీ మీదివాళ్ళు జరిగి కూర్చున్నారు.

మందులు బరువును బట్టి ఆరు నెలలు, ఉచితం. తిండి కోసం టీబీ రోగులకిచ్చే నిక్షయ్ అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. మూడో నెలలో బిళ్ళ మళ్ళీ ఉబ్బితే హడలిపోయాను. మందు పనిచేస్తున్నప్పుడు కూడా కొందరికి అలా ఉబ్బుతుందని చెప్పి, పరీక్షించి, అవే మందులు కొనసాగించారు. ఇప్పుడు ఐదో నెల, బిళ్ళ శనగగింజంత ఉంది.

మీవాళ్ళకు ఎక్కడ ముక్క తీయించినా, సూది పెట్టించినా, కొంత సెలైన్‌లో వేసి సీబీనాట్‌కి పంపమని ముందే అడగండి. మా దగ్గర సూది పరీక్ష మంగళ, శుక్రవారాలే. తొమ్మిదికల్లా వెళ్ళండి, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు పట్టుకెళ్ళండి.