వాక్కాయ అంటు మొక్కలని చెప్పి కలివి మొక్కలు అంటగట్టారు, కొనేముందు చూసుకోండి

కంచె కోసం వాక్కాయ మొక్కలు కొనాలనుకుంటున్న వాళ్లు ఇది చదివాక డబ్బులు ఇవ్వండి. నేను ఇచ్చేశాక తెలుసుకున్నాను.

దేవరకొండ వైపు మాకు రెండెకరాల చెలక ఉంది. సగం బత్తాయి, సగం పల్లి. అడవి పందుల బాధ ఈ చుట్టుపక్కల రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇనుప జాలీ కట్టించే స్తోమత లేదు, కరెంటు తీగ పెట్టి ఎవరి ప్రాణం మీదికో తెచ్చుకోవడం ఇష్టం లేదు. వాక్కాయ అయితే ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, నీళ్లు పెద్దగా అడగదు, ముళ్లుంటాయి, పైగా పప్పులోకి, పచ్చడికి కాయ. అట్లా ఆశ పడ్డాను.

మూడేళ్ల కింద మృగశిర కార్తెలో ట్రాలీ ఆటోలో మొక్కలు వేసుకుని ఒకాయన వచ్చాడు. ఆటోకి ఫ్లెక్సీ, దాని మీద తెలుపు గులాబీ కలిసిన పెద్ద పెద్ద కాయలు. "పంత్ మనోహర్ రకం అన్నా, అన్నీ అంటు మొక్కలే, వచ్చే ఏడాదే కాపు. బేకరీల వాళ్లు చెర్రీలు చేయడానికి మన దగ్గరే కొంటారు" అన్నాడు. చెర్రీ మాట అబద్ధం కాదు. బన్నుల మీద, పాన్‌లో ఎర్రగా మెరిసేది చాలాసార్లు పంచదార పాకంలో ఊరిన వాక్కాయే. పంత్ మనోహర్ అనే రకం కూడా నిజంగానే ఉంది, పంత్‌నగర్ యూనివర్సిటీది. ఆటోలో ఉన్న మొక్కలు మాత్రమే అబద్ధం.

నమ్మకం కోసం ఒక ఆకు తుంచి పాలు చూపించాడు. "చూడన్నా, వాక్కాయకే ఇట్లా కారుతది" అన్నాడు. నేనూ తలూపాను. గుట్టల మీద దానంతట అదే మొలిచే కలివికీ పాలే, పచ్చగన్నేరుకీ పాలే, జిల్లేడుకీ పాలే. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, ఆ పూట గుర్తుకు రాలేదంతే.

మూడు వైపులా రెండడుగులకొకటి చొప్పున 450 మొక్కలు. ఒక్కోటి 55 రూపాయలు, అంటే 24,750. గుంతలు తీసిన కూలి వేరే. బిల్లు అడిగితే "రేపు వాట్సాప్‌లో పెడతా" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

మొదటి ఏడు కాపు లేదు, రెండో ఏడూ లేదు. ఫోన్ చేస్తే మొదట్లో "ఎరువు వేయన్నా" అనేవాడు, తర్వాత స్విచాఫ్. ఈ వానాకాలం మొదట్లో కాయలు పట్టాయి. శనగ గింజ కంటే కాస్త పెద్దవి, పండితే నల్లగా. మా అమ్మమ్మని చేనికి తీసుకుపోయి చూపిస్తే ఒకటి నోట్లో వేసుకుని, "ఇవి గుట్ట మీది కలివి పండ్లురా. చిన్నప్పుడు మేకలు కాస్తూ దోసిళ్ల కొద్దీ తిన్నాం. వీటికి పైసలిచ్చినవా?" అని ఒకటే నవ్వు. హార్టికల్చర్ సార్ కూడా చూసి అదే మాట చెప్పారు. వాక్కాయకి చుట్టమే కానీ కాయ బాగా చిన్నది. చెట్టు బతికింది, ముళ్లూ ఉన్నాయి, కానీ ఇప్పటికి నా మోకాలి దాకే. పందులు దర్జాగా వస్తున్నాయి.

సార్ చెప్పినవి, నేను నష్టపోయి నేర్చుకున్నవి రాస్తున్నా. ముందు ఒక కవరు చింపించి వేరు చూడండి. గింజ నుంచి మొలిచిన దానికి కిందికి దిగిన తల్లివేరు ఉంటుంది. కొమ్మకు కట్టిన గాలి అంటుకి అది ఉండదు, చుట్టూ పీచు వేర్లే. చింపనివ్వకపోతే అక్కడే తెలిసిపోతుంది. నిజానికి వాక్కాయ ఎక్కువగా గింజతోనే పెంచుతారు, కంచెకి గింజ మొక్క చాలు కూడా. కాకపోతే దానికి అంటు మొక్క ధర ఎందుకివ్వాలి? గింజ మొక్క కాపుకి రావాలంటే రెండు మూడేళ్లు పడుతుంది, అదీ తల్లి చెట్టు లాంటి కాయే వస్తుందని ఎవరూ రాసివ్వలేరు. ఆకు కూడా చూడండి. వాక్కాయ ఆకు కొస గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది. కలివి ఆకు చిన్నది, కొస సూదిగా.

బిల్లు మాత్రం వదలకండి. రకం పేరు, "అంటు" అనే మాట అందులో రాయించండి. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు, హెల్ప్‌లైన్ నంబరు 1915. కానీ కేసు వేయడానికి గడువు రెండేళ్లు. నాకు మోసం తెలిసిందే మూడో ఏట. తెలిసిన రోజు నుంచి లెక్క కట్టాలని వాదించొచ్చని ఒక లాయర్ అన్నారు. అయితే దేన్ని చూపించి వాదించాలి, నా చేతిలో కాగితం ముక్క లేదు.

మొన్న మా బావమరిది కల్వకుర్తి నుంచి ఫోన్ చేశాడు. సంత దగ్గర ట్రాలీ ఆటో ఆగిందట, వాక్కాయ అంటు మొక్కలట, ఈసారి ధర 70 అట. ఫ్లెక్సీ మీద ఏ బొమ్మ ఉందని అడిగాను. తెల్ల కాయలు బావా, గులాబీ మచ్చతో, అన్నాడు.