పిల్ల చేతికి మస్కీ రాడ్: అయిదు వేసవులు వాడాక నా మాట

మస్కీ అనే పెద్ద చేప కోసం పెద్దవాళ్లు వాడే సామాను పిల్లల చేతికి ఇవ్వకండి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మేముండేది మినియాపోలిస్ దగ్గర. 2021 నుంచి ఏటా వేసవిలో ఒక వారం విస్కాన్సిన్‌లోని హేవర్డ్ పక్కన చిప్పెవా ఫ్లోవేజ్ అనే పెద్ద చెరువుకి వెళ్తున్నాం. మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. మస్కీ అంటే పైక్ అనే వేటాడే చేపల కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. 1955 నుంచి విస్కాన్సిన్ రాష్ట్ర చేప. పదివేలసార్లు గాలం విసిరితే ఒకటి పడుతుందని ఇక్కడివాళ్లు అంటారు. మన కొరమీను లాగే నాచు పక్కన కాపు కాసి ఒక్కసారిగా కొట్టే రకం. మా తాతయ్య కైకలూరు దగ్గర కాలవ గట్టున కప్పపిల్లని ఎరగా గుచ్చి కొరమీనుకి గాలం వేసేవారు. చేప ఎర వెనకాలే వచ్చి, చూసి, వెనక్కి తిరిగిపోవడం నేను మొదట చూసింది అక్కడే. కాకపోతే ఆ కొరమీను కూరలోకి వెళ్లేది, ఈ మస్కీని మేం మళ్లీ నీళ్లలోకే వదిలేస్తాం.

మొదటి ఏడాది నేను షాపువాళ్లు చెప్పినట్టే కొన్నాను. తొమ్మిదడుగుల రాడ్, విసిరేటప్పుడు దారాన్ని బొటనవేలితో అదుపు చేయాల్సిన బరువైన బెయిట్‌కాస్టర్ రీల్, రెండు పెద్ద రేకులు తిరిగే, వెంట్రుకలు కట్టిన బక్‌టెయిల్ లూర్ (ఉత్తుత్తి ఎర). ఆ రేకులు నీళ్లలో తిరుగుతుంటే నిండు బకెట్ లాగుతున్నట్టు ఉంటుంది. అమ్మాయి ఇరవై నిమిషాలు పట్టుదలగా విసిరింది. తర్వాత రాడ్ పడవలో పెట్టేసి, "నాన్నా, ఇంకా ఎన్నిసార్లు వేయాలి?" అంది. దాని చేతులు వణుకుతున్నాయి. ఆ రోజుకి అక్కడే ఆపేశాం.

ఆ చలికాలమంతా ఆలోచించి వేరే సామాను కొన్నాను. ఏడడుగుల మీడియం హెవీ స్పిన్నింగ్ రాడ్, బొటనవేలితో అదుపు చేయక్కర్లేని 5000 సైజు స్పిన్నింగ్ రీల్, 50 పౌండ్ల లాగుడు తట్టుకునే అల్లిక దారం. రాడ్, రీల్ కలిపి 180 డాలర్లయింది. మస్కీకి స్పిన్నింగ్ రీలా అని అనుభవజ్ఞులు మొహం చిట్లిస్తారు. పిల్లల విషయంలో మాత్రం నాకు అనుమానమే లేదు. బెయిట్‌కాస్టర్‌లో బొటనవేలు ఒక్క క్షణం ఆలస్యమైతే దారం పిచ్చుకగూడులా చిక్కుపడుతుంది. ఆ చిక్కు విప్పేసరికి పిల్లల ఉత్సాహం ఆరిపోతుంది. లూర్ కూడా ఒకే రేకుది, 5వ నంబరు, ముప్పావు ఔన్సు బరువున్న బక్‌టెయిల్. దాన్ని అమ్మాయి రెండు గంటలు ఆగకుండా విసరగలిగింది.

సామాను తేలిక చేయమన్నాను కదా అని దారం మాత్రం 50 పౌండ్ల కన్నా తగ్గించకండి. దారం తెగితే మూడు కొక్కేల లూర్ నోట్లో ఇరుక్కున్న చేప అలాగే వెళ్లిపోతుంది. లూర్‌కి ముందు లీడర్, అంటే చేప పళ్లకి సులువుగా తెగని 80 పౌండ్ల మందపాటి ఫ్లోరోకార్బన్ దారం, ఒక అడుగు పొడవున తప్పనిసరి. దానికి బాల్ బేరింగ్ స్వివెల్ (తనంతట తిరిగే చిన్న లంకె) ఉండాలి, లేకపోతే రేకు తిరిగినకొద్దీ దారానికి మెలిక ఎక్కుతుంది. మొదట వాడిన చవక స్వివెల్ వల్ల ఒక పూటంతా మెలికలు తీస్తూనే కూర్చున్నాం. కొక్కేల కొసన వెనక్కి తిరిగి ఉండే ముళ్లన్నీ ప్లయర్‌తో నొక్కేశాను. దీనివల్ల చేప జారిపోయే అవకాశం కొంచెం పెరుగుతుంది. అయినా పిల్ల వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది కాబట్టి నాకు సమ్మతమే.

ఇక చెరువు గురించి. చిప్పెవా ఫ్లోవేజ్ 15,300 ఎకరాలు. 1923లో ఆనకట్ట కట్టి, అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజల ఊళ్లనీ నేలనీ ముంచి తయారుచేసిన చెరువు ఇది. అమ్మాయికి ఈ సంగతి పడవలోనే చెప్పాను. మునిగిన అడవి మొద్దులు ఇంకా అడుగున ఉన్నాయి. నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, రెండు మూడడుగుల కింద ఏముందో కనపడదు. కొత్తగా వెళ్లినవాళ్లు మ్యాప్ చూసి అన్ని దీవుల చుట్టూ తిరగాలనుకుంటారు. మేమూ మొదటి ఏడాది అదే చేసి సగం రోజు ఇంజిన్ చప్పుడుతోనే గడిపేశాం. రెండో ఏడాది డెప్త్ మ్యాప్ మీద రెండే రెండు చోట్లు గీసుకున్నాం. ఒకటి నాచు అంచు ఉన్న ఒక వంపు, రెండోది రెండు దీవుల మధ్య గాలి నేరుగా కొట్టే సందు. మొదటి సాయంత్రం గాలం ముట్టుకోలేదు. నెమ్మదిగా తిరుగుతూ నాచు ఎక్కడ ఆగుతోందో, మొద్దులు ఎక్కడున్నాయో అమ్మాయి ముందు కూర్చుని చూసి చెప్తుంటే నేను మ్యాప్ మీద గుర్తు పెట్టాను. పనిలో భాగం ఇస్తే పిల్లలకి విసుగు రాదు. ఆ వారమంతా ఆ రెండు చోట్లే మార్చి మార్చి వేశాం.

ఇంకో జాగ్రత్త నీటి వేడి. మొదటి ఏడాది మేం వెళ్లింది ఆగస్టులో. ఒక మధ్యాహ్నం నీరు 81 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. 80 దాటితే మస్కీ జోలికి వెళ్లకూడదు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పెనుగులాడి అలిసిపోయిన చేప వదిలేశాక కూడా చచ్చిపోవచ్చు. అందుకే ఒక రెండు రోజులు బ్లూగిల్ అనే చిన్న చేపలు పట్టుకున్నాం, హేవర్డ్‌లో 143 అడుగుల పొడవున్న మస్కీ బొమ్మ నోట్లోకి ఎక్కి ఊరు చూశాం. తర్వాతి ఏడాది నుంచి జూన్‌లోనే వెళ్తున్నాం.

పిల్లలకి నేర్పాల్సిన అసలు పని పడవ పక్కన ఉంటుంది. లూర్ వెనకాలే పడవ దాకా వచ్చి తినాలా వద్దా అని ఆగిపోవడం మస్కీ అలవాటు. అప్పుడు రాడ్ కొస నీళ్లలో ముంచి 8 అంకె గీస్తారు. ఆ అంకె మధ్యలో మలుపు ఇరుకైపోవడం వల్ల పిల్లలకి అది కుదరదు, అంత పొడవు చేప ఆ ఇరుకులో తిరగనూ లేదు. అందుకే మా అమ్మాయికి సున్నా నేర్పాను. పెద్ద సున్నా, నెమ్మదిగా, చేప ఉన్నా లేకపోయినా ప్రతి విసురుకీ ఒకటి. రాడ్ ఏడడుగులు కావడం వల్లే దాని చేతికి ఆ సున్నా సాధ్యమైంది.

2022 జూన్, మూడో సాయంత్రం. రెండు దీవుల సందులో విసిరింది, లాగింది, సున్నా మొదలుపెట్టింది. నాకేమీ కనపడలేదు. "నాన్నా, కింద ఏదో రంగు మారింది" అంది. "సున్నా ఆపకమ్మా" అన్నాను. రెండో చుట్టులో నీళ్లు పగిలాయి. రాడ్ వంగి పడవ అంచుకి తగిలింది. నేను రాడ్ ముట్టుకోలేదు, దాని లైఫ్ జాకెట్ వెనక పట్టీ మాత్రం గట్టిగా పట్టుకున్నాను. నా చేయి కూడా వణికింది. చేప రెండుసార్లు పడవ కిందికి దూరింది. నిమిషంన్నర అయుంటుంది, వల్లోకి వచ్చింది. 34 అంగుళాలు. మస్కీ లెక్కలో చిన్నదే. నాకు మాత్రం ఈ దేశం వచ్చాక అంత సంతోషం కలిగిన సాయంత్రాలు చాలా తక్కువ.

వల దగ్గర పొదుపు చేయకండి. మొదటి ఏడాది కొన్న చవక నైలాన్ వలలో ఒక పైక్ దొర్లి, కొక్కేలు అల్లికకి చుట్టుకుని, విడదీయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ చేప వాలిపోయి వెళ్లింది, అమ్మాయి ఏడ్చింది. తర్వాత 150 డాలర్లు పెట్టి లోతైన, రబ్బరు పూత ఉన్న పెద్ద వల కొన్నాను. అయిదు వేసవుల తర్వాత కూడా పూత ఎక్కడా లేవలేదు. వల నీళ్లలోనే ఉంచి, పొడవాటి ప్లయర్‌తో కొక్కెం తీశాను. చేప నీళ్లలో ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది కాబట్టి తొందరపడక్కర్లేదు. కొక్కెం లోతుగా దిగితే కోసేయడానికి చిన్న బోల్ట్ కట్టర్ పక్కనే ఉండాలి. కొక్కేలు చేప నోట్లో ఉన్నంతసేపు వల్లో పిల్లల చేయి పెట్టనివ్వకండి. ఫోటోకి చేపని అడ్డంగా, పొట్ట కింద చేయి ఆనించి, పది సెకన్లు ఎత్తాం. తర్వాత అమ్మాయే తోక దగ్గర పట్టుకుని నీళ్లలో నిలబెట్టింది. అది చేయి విడిపించుకుని వెళ్లినప్పుడు మొహం మీద నీళ్లు పడ్డాయి, తుడుచుకోలేదు.

ఇప్పటి పరిస్థితి చెప్తాను. రాడ్ మీద దారం దూరే గైడ్ ఒకదాని లోపలి రింగు ఊడితే మార్పించాను. రీల్ ఇంకా మెత్తగా తిరుగుతోంది. బక్‌టెయిల్ వెంట్రుకలు పైక్ పళ్లకి సగం పోయాయి, అమ్మాయి దాన్ని గోడకి తగిలించుకుంది, అలాంటిదే ఇంకోటి కొన్నాం. తను ఏడున్నర అడుగుల రాడ్‌కి మారింది. పాతది ఏడేళ్ల తమ్ముడికి ఇచ్చింది, ఇంటి వెనక గడ్డిలో వాడిచేత సున్నాలు గీయిస్తోంది. ఈ జూన్‌కి ముందు ఆ రీల్‌కి కొత్త దారం ఎక్కించాలి. పాతదానికి చివరి ముప్పై అడుగులు నూగు లేచింది.