ఒకే బడి, ఇద్దరు పిల్లలు: మెల్‌బోర్న్ గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్‌కి ఆరేళ్ల తర్వాత నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. రెండేళ్ల కింద రాసుంటే రెండున్నర ఇచ్చేదాన్ని. ఆ ఒక్క స్టార్ ఎట్లా పెరిగిందో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

మేముండేది మెల్‌బోర్న్‌కి పడమర, టార్నేట్‌లో. సాయంత్రం పార్కులో ఓ రౌండు కొడితే నాలుగు జిల్లాల తెలుగు వినబడుతుంది. స్కూల్ పేరు రాయను, అడగొద్దు, నేను చెప్పబోయేవాటిలో చాలావరకు ఆ ఒక్క స్కూల్ తప్పు కాదు. పెద్దవాడు 2020లో ప్రెప్‌లో (ఫస్ట్ గ్రేడ్‌కి ముందు ఏడాది) చేరాడు, 2025 డిసెంబరుకి ఐదో గ్రేడ్ పూర్తయింది. చిన్నది ఈ ఏడాదే ప్రెప్. అదే గేటు, అదే వెడల్పు అంచు టోపీ, పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పిల్లల్ని పేరుపెట్టి పలకరించే అదే ప్రిన్సిపాల్. చదవడం నేర్పే పద్ధతి మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

బాగున్నవి ముందు. ఆరేళ్లలో మావాడు బడి ఎగ్గొట్టడానికి ఒక్కసారి కూడా కడుపునొప్పి నాటకం ఆడలేదు. ర్యాంకుల్లేవు, బెత్తం లేదు, తప్పు చెప్తే క్లాసంతా నవ్వడం లేదు. ప్రెప్ నుంచే ఏదో ఒక వస్తువు తీసుకెళ్లి అందరి ముందూ దాని గురించి మాట్లాడాలి, నేనేమో డిగ్రీలో సెమినార్ అంటే ముందురోజు రాత్రి నిద్రపోని మనిషిని. వీడి క్లాసులో వీల్‌చైర్‌లో వచ్చే అబ్బాయి ఉన్నాడు, సాయం చేయడానికి ఒకావిడ పక్కనే ఉంటుంది. మావాడికి అది వింత కాదు, ఆటల్లో ఆ అబ్బాయిని ఏ టీములో వేసుకోవాలన్నదే వాళ్ల గొడవ. ఈత, క్యాంపు, బుక్ వీక్ వేషాలు అన్నీ ఉంటాయి (వేషం కుట్టేది మనమే, రాత్రి పదకొండింటికి అట్టముక్కలు కత్తిరిస్తూ). వీటికి ఐదుకి ఐదు, బేరమే లేదు.

ఇక అసలు సంగతి. మావాడు ఫస్ట్ గ్రేడ్‌లో ఉండగా రోజూ బ్యాగులో ఒక చిన్న పుస్తకం ఇంటికొచ్చేది, మీద లెవెల్ నంబరు. ప్రతి పేజీలో ఒకే వాక్యం, చివరి మాట ఒక్కటే మారుతుంది, పైన బొమ్మ. వాడు గడగడా చదివేసేవాడు, మేం మురిసిపోయేవాళ్లం. ఒకరోజు వీడియో కాల్‌లో మా అమ్మకి చదివి వినిపిస్తున్నాడు. పుస్తకంలో ‘బోట్’ అని ఉంది, వీడు ‘షిప్’ అన్నాడు. మా అమ్మ ఖమ్మం దగ్గర పల్లెలో ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి చెప్పిన మనిషి, ఇంగ్లిష్ అంతంత మాత్రమే, కానీ వెంటనే అంది: "ఆ బొమ్మ మీద చెయ్యి పెట్టు నాన్నా, ఇప్పుడు చదువు." అంతే, ఆగిపోయాడు. వాడు అప్పటిదాకా చదవడం లేదు, బొమ్మ చూసి ఊహిస్తున్నాడు.

టీచర్‌ని అడిగితే చాలా మర్యాదగా చెప్పింది, తెలియని మాట వస్తే బొమ్మ చూడు, మొదటి అక్షరం చూడు, ఏది సరిపోతుందో ఆలోచించు అని వాళ్లే నేర్పిస్తారట. ఒక్కో పిల్లాడు ఒక్కో వేగంతో ఎదుగుతాడు, కంగారు పడొద్దు అంది. ఆవిడకి కాలేజీలో నేర్పిందే అది. నేను కంగారు పడలేదు. ఇప్పుడు తల్చుకుంటే పడాల్సింది అనిపిస్తుంది. పైగా 2020, 21 మెల్‌బోర్న్‌లో ఎట్లా గడిచాయో తెలుసుగా, 262 రోజుల లాక్‌డౌన్. అన్నీ దాని ఖాతాలో వేసేశాం, వాళ్లూ మేమూ.

రిపోర్టులో మాత్రం ఎప్పుడూ ‘ఉండాల్సిన స్థాయిలోనే ఉన్నాడు’. మూడో గ్రేడ్‌లో, 2023 మార్చిలో, నాప్లాన్ రాశాడు. ఇక్కడ దేశమంతా 3, 5, 7, 9 తరగతుల పిల్లలు రాసే పరీక్ష ఇది. ఆ ఏడాదే ఫలితాలు ఇచ్చే తీరు మార్చారు, పాత పది బ్యాండ్లు తీసేసి నాలుగు మెట్లు పెట్టారు: ఎక్సీడింగ్, స్ట్రాంగ్, డెవలపింగ్, ఇంకా సాయం కావాలి. మావాడికి రీడింగ్, రైటింగ్ రెండూ డెవలపింగ్. వినడానికి ముద్దుగా ఉంది కదా, అర్థం మాత్రం ఆ తరగతికి రావాల్సింది ఇంకా రాలేదని. కొత్త లెక్క వచ్చినప్పటి నుంచి ప్రతి ఏడూ దేశంలో దాదాపు మూడో వంతు పిల్లలు కింది రెండు మెట్లలోనే ఉంటున్నారు, పదిమందిలో ఒకరు అట్టడుగున. ఆదివాసీ పిల్లల్లో అయితే అట్టడుగు మెట్టులోనే మూడో వంతు, అది చదివాక నా గోల చాలా చిన్నదనిపించింది.

చాలా దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలు రాసే పీసా పరీక్షలోనూ అదే కథ. 2003లో ఆస్ట్రేలియాకి లెక్కల్లో 524 వచ్చాయి, 2022కి 487. అప్పటికీ ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాల సంఘం) సగటు కంటే పైనే, అయినా ఇరవై ఏళ్లు దిగుతూ వస్తున్న గీతని చూసి సగటు కంటే నయం కదా అనుకోవడం నా వల్ల కాదు.

నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, పిల్లలకి అక్షరాల శబ్దాలు ఒక వరసలో నేరుగా నేర్పాలని ఇక్కడి జాతీయ విచారణ కమిటీ 2005లోనే చెప్పింది. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు. సౌత్ ఆస్ట్రేలియా 2018లో ఫస్ట్ గ్రేడ్ పిల్లలందరికీ ఫోనిక్స్ చెక్ (అక్షరాల శబ్దాలు కలిపి చదవగలరో లేదో చూసే చిన్న పరీక్ష) పెట్టింది, న్యూ సౌత్ వేల్స్ 2021లో. మెల్‌బోర్న్ ఉన్న మా విక్టోరియా రాష్ట్రం ఈ పద్ధతిని 2024 జూన్‌లో ప్రకటించి 2025 నుంచి మొదలుపెట్టింది, ప్రెప్ నుంచి రెండో గ్రేడ్ దాకా రోజుకి కనీసం 25 నిమిషాలు ఫోనిక్స్. అంటే ఇరవై ఏళ్లు! ఆ మధ్యలో బడికెళ్లిన పిల్లలు ఇప్పుడు టీచర్లయి ఉంటారు, వాళ్లకీ పాత పద్ధతే వచ్చుంటుంది.

చిన్నదానికి ఈ కొత్త పద్ధతిలోనే నేర్పారు, నా ఒక్క స్టార్ ఇక్కడే పెరిగింది. టర్మ్ వన్‌లో ఇంటికొచ్చిన పుస్తకం చూసి నేనే నవ్వాను, మొత్తం ఆరేడు అక్షరాలే, కథ లేదు పాడూ లేదు, చాప మీద పిల్లి, గిన్నెలో గింజ, అట్లాంటి వ్యవహారం. కానీ అందులో ఉన్న ప్రతి శబ్దం ఆ వారానికి దానికి నేర్పేసిందే. వేలు పెట్టి ఒక్కో శబ్దం పలికి కలుపుతుంది. మన గుణింతం లాంటిదే, క కి దీర్ఘం ఇస్తే కా అన్నంత సూటిగా ఇంగ్లిష్ ఉండదు కాబట్టి ఇంకొంచెం కష్టం, అంతే తేడా. టర్మ్ త్రీ వచ్చేసరికి పాల డబ్బా మీదా, బస్సు మీదా, ఎక్కడ పడితే అక్కడ చదవడం మొదలుపెట్టింది. మా అమ్మ మళ్లీ బొమ్మ మీద చెయ్యి పెట్టించింది. ఇది ఆగలేదు. ఇద్దరి తెలివిలో తేడా లేదు, ఆ మాట తల్లిగా చెప్పగలను. ఇద్దరు పిల్లల్ని చూసి సైన్సు చెప్పకూడదని తెలుసు, అయినా మా ఇంట్లో కళ్లముందు జరిగింది ఇదీ.

ఒక్కటి నచ్చలేదు. ఈ కొత్త పద్ధతి చిన్న తరగతులకే. నాలుగు, ఐదు గ్రేడుల్లో ఉన్న మావాడి లాంటివాళ్లు మధ్యలో ఇరుక్కుపోయారు. కొవిడ్ తర్వాత విక్టోరియా బళ్లలో 2021 నుంచి ట్యూటర్లని పెట్టి చిన్న గుంపుల్లో అదనంగా చెప్పించారు, మావాడూ వెళ్లాడు. చెప్పిందేంటయ్యా అంటే అవే లెవెల్ పుస్తకాలు, అదే ఊహించే పద్ధతి, కాకపోతే ఇంకో అరగంట ఎక్కువ. ఆ పథకం వల్ల పిల్లల చదువు, ట్యూటర్ లేని అలాంటి పిల్లలతో పోలిస్తే పెద్దగా మెరుగుపడలేదని విక్టోరియా ఆడిటర్ జనరల్ 2024లో తేల్చారు, నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఉప్పు ఎక్కువైన పప్పుని ఇంకో గరిటె వడ్డిస్తే కడుపు నిండుతుందా.

టీచర్ల సంగతి. నాలుగో గ్రేడ్‌లో మావాడికి ఒకే ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారారు, మధ్యలో రోజుకూలీ లెక్కన వచ్చే రిలీఫ్ టీచర్లు. వాళ్లూ దొరకని రోజున క్లాసుని ముక్కలు చేసి ఐదుగురు ఇక్కడ, ఐదుగురు అక్కడ పంచేస్తారు, వాడు రెండో గ్రేడ్ పిల్లల వెనకాల కూర్చుని బొమ్మలకి రంగులేసుకుని వచ్చాడు. వాళ్లని తిట్టబుద్ధి కాదు. వారానికి ఎన్ని గంటలు ఇంట్లో కూర్చుని పాఠాలు రాసుకుంటారో మా పక్కింటావిడ్ని చూస్తే తెలుస్తుంది, ఆవిడా టీచరే. కొరత దేశమంతా ఉంది, 2022 డిసెంబరులో దీని మీద జాతీయ ప్లాన్ కూడా తెచ్చారు. నన్నడిగితే ముందు ఒక్కటి చెయ్యాలి, ప్రతి టీచరూ తన పాఠం తానే గూగుల్‌లో వెతికి తయారు చేసుకునే పద్ధతి ఆపి, బాగా రాసిన పాఠాలు చేతికివ్వాలి. మన దగ్గర టెక్స్ట్ బుక్ అంటే బోరు అనుకుంటాం కానీ, అసలు టెక్స్ట్ బుక్కే లేని బడి చూశాక దాని విలువ తెలిసింది నాకు. ఆరేళ్లలో ఏ పాఠం అయిపోయిందో, ఏది మిగిలిందో ఇంట్లో చెప్పే కాగితం ఒక్కటి రాలేదు.

గోడల్లేని పెద్ద హాల్లో మూడు సెక్షన్లు కలిపి కూర్చోబెట్టడం ఇంకో ఫ్యాషను. ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. లోపల కూర్చుంటే పక్క క్లాసు పాఠమే బాగా వినబడుతుంది.

డబ్బు గురించి రెండు ముక్కలు. 2011లో కేంద్ర ప్రభుత్వం బళ్ల నిధుల మీద వేసిన గాన్‌స్కీ కమిటీ ఒక పిల్లాడికి ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి, పేదపిల్లలకీ, వైకల్యం ఉన్నవాళ్లకీ, ఇంగ్లిష్ రానివాళ్లకీ ఇంకొంత కలపాలంది. పద్నాలుగేళ్లయినా విక్టోరియా గవర్నమెంట్ బళ్లకి ఆ లెక్కలో దాదాపు 90 శాతమే అందుతూ వచ్చింది. ఇప్పుడు 2025 నుంచి 2034 దాకా కొత్త ఒప్పందం, కేంద్రం వాటా 20 నుంచి 25 శాతానికి మెల్లమెల్లగా పెరుగుతుందట, బదులుగా రాష్ట్రాలు ఫస్ట్ గ్రేడ్ ఫోనిక్స్ చెక్, చిన్న తరగతుల్లో లెక్కల చెక్ పెట్టాలి. మంచిదే. కాకపోతే 2034కి మావాడు డిగ్రీలో ఉంటాడు.

మనవాళ్లకి కూడా ఒక మాట అనాలి, కోపం తెచ్చుకోకండి. సుజాన్ కోరీలో (ఎంట్రెన్స్ రాసి చేరే గవర్నమెంట్ హైస్కూల్) సీటు రావాలని మూడో గ్రేడ్ నుంచే ట్యూషన్లు, ఆ పరీక్ష రాసేదేమో ఎనిమిదో క్లాసులో! శనివారం పొద్దున ట్యూషన్ సెంటర్ బయట కార్లు చూస్తే సగం కాలనీ అక్కడే ఉంటుంది. మేమూ వెళ్లాం, మా ఆయన వద్దన్నా నేనే చేర్పించా. పిల్లాడు బాగుపడ్డాడు, ఈ ఏడాది నాప్లాన్‌లో రీడింగ్ స్ట్రాంగ్ వచ్చింది. ఆ స్ట్రాంగ్ మాత్రం స్కూల్ లెక్కలోకే పోతుంది, స్కూల్ మార్కులు మెరుగయ్యాయని అందరూ చప్పట్లు కొడతారు. వాడి పక్కనే కూర్చునే అబ్బాయి వాళ్లమ్మ ఒంటరిగా రెండు షిఫ్టులు చేస్తుంది, ట్యూషన్‌కి వారానికి కట్టే డబ్బు ఆవిడ దగ్గర లేదు. వాడికి ఇంకా డెవలపింగే.

కొత్తగా పిల్లల్ని చేర్పించబోయేవాళ్లు ఇళ్ల అద్దె, ఏ ఇల్లు ఏ స్కూల్ కిందకి వస్తుందనే జోన్ మాత్రమే చూసుకోకండి. స్కూల్ టూర్‌లో రోబోటిక్స్ రూమ్ చూపిస్తారు, చూడండి, ఫోటో దిగండి, తర్వాత ప్రెప్ పిల్లలు ఇంటికి తీసుకెళ్లే పుస్తకం ఒక్కటి చేతికిమ్మని అడగండి. బొమ్మ మీద చెయ్యి పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. నాలుగో గ్రేడ్ అయ్యేసరికి పది ఎక్కాలూ నోటికి రావాలని ఇక్కడి కరికులంలోనే ఉంది, ఎప్పుడు, ఎట్లా నేర్పిస్తారో కూడా అడగండి. నేను అడగలేదు. అందుకే వేసవి సెలవుల్లో అందరూ బీచ్‌కి పోతుంటే మా ఇంట్లో పొద్దున్నే వీడియో కాల్, అటు అమ్మమ్మ, ఇటు మావాడు, ఏడో ఎక్కం దగ్గర ఆగి ఉన్నారు.